మచ్చ మీద మొలిచిన జుట్టు

బహ్రెయిన్‌లో పనిచేసే రోజుల్లో ఒకసారి విమానాశ్రయంలో కూర్చుని ఉన్నాను. నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడడం విని పక్క కుర్చీలోని మనిషి పలకరించాడు. జగిత్యాల వైపు అతను, బహ్రెయిన్‌లోనే తుబ్లీలో వెల్డింగ్ షాపులో పని.

"అన్నా, జర నా తల చూసి చెప్పు. నాటిన వెంట్రుకలని తెలుస్తున్నదా?"

షాపులో మంట ఎగసి నుదుటి పైన చర్మం కాలిందట. మచ్చ మీద జుట్టు మొలవలేదు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కఫీలే ఆపరేషన్ చేయించాడు. తల వెనక వెంట్రుకలు తీసి ముందు నాటారు.

"పోయినసారి మచ్చతోని ఇంటికి పోతే మా బిడ్డ నన్ను జూసి ఏడ్చింది. సెలవు అయిపోయేదాక దగ్గరికి రాలే," అన్నాడు.

వెనక్కి దువ్వడంతో నుదుటి దగ్గర పలచగా కనిపిస్తోంది. పక్క పాపిడి తీసి కొంచెం ముందుకు వదలమన్నాను. జేబులోంచి దువ్వెన తీసి అలాగే దువ్వుకున్నాడు. మచ్చ కనిపించలేదు. బాగుందని చెప్పినా అతనికి నమ్మకం కుదరలేదు. తల నా వైపు వంచాడు.

"ఒక్కసారి చేత్తోని చెరుపు అన్నా. ఎత్తుకుంటే బిడ్డ జుట్టు చెరపకుండ ఊకుంటదా? చెరిపినంక గూడ మంచిగుండాలె."

పరాయి మనిషి తల మీద చెయ్యి వేయడానికి మొహమాటపడ్డాను. అతను వంగే ఉన్నాడు. చివరికి వేళ్లు పెట్టి జుట్టంతా చెదరగొట్టాను.

"ఎట్లుంది?" అన్నాడు తలెత్తి.

"ఇప్పుడే నిద్రలేచిన నాన్నలా ఉన్నావు తమ్ముడూ."

దువ్వెన జేబులో పెట్టుకుని, మళ్లీ దువ్వుకోకుండానే విమానం ఎక్కాడు.