పచ్చకొండ మీద మూసిన తూము

డెబ్బైల చివర్లో మా సైట్ ఆఫీసు గోడకు ఒక క్యాలెండరు వేలాడేది. దాని మీద మంచుకొండలు, వాటి కింద ఎర్ర పెంకుల ఇళ్ల ఊరు, ఉన్ని టోపీలు పెట్టుకుని నవ్వుతున్న తెల్లవాళ్లు. మస్కట్ ఎండలో సిమెంటు తట్టలు మోసి మోసి నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడల్లా దాన్ని చూసేవాణ్ణి. చూసి కుళ్లుకునేవాణ్ణి కూడా, దాచడమెందుకు.

నా అసలు ఏడుపు వేరే. నేను పుట్టింది రాళ్లు కొట్టే ఇంట్లో. కరీంనగర్ దిక్కు చెరువుకట్టలకు రాళ్లు పేర్చిన చేతులు మావి. ఇక్కడ మాత్రం సిమెంటు ఇటుకలతో పరీక్ష పెట్టారు. దారం పట్టి, లెవెల్ చూసి కట్టడం నాకు రాలేదు. ఫోర్‌మన్ నా కాగితం మీద హెల్పర్ అని రాసేశాడు. రెండేళ్లు హెల్పర్‌నే. ఇప్పుడు మస్కట్‌లోనే ఖురం అనే చోట కొండవాలుకు రాతిగోడ కట్టే పని వచ్చింది. బక్రీద్ పండగ తర్వాత మేస్త్రీలను ఏరుతారట. చెయ్యెత్తాలని ఉంది. మళ్లీ తప్పితే నలుగురిలో నవ్వులపాలవుతానని భయం.

బక్రీద్‌కు మూడు రోజులు సెలవిచ్చారు. రెండో రోజు పొద్దున్నే మా రూమ్‌లో ఉండే కడప డ్రైవరు నన్ను కుదిపి లేపాడు.

"లెయ్ అన్నా. క్యాలెండర్ కొండలు సూడల్లంటివి గదా. పా, ఈడా ఉండాది ఒగ సల్లకొండ."

జబల్ అఖ్దర్, అంటే పచ్చకొండ. కింద ఊళ్లో పికప్ ఆపి, గాడిదలు నడిచే రాళ్లదారి పట్టుకున్నాం. గల్ఫ్‌లో చలేమిటన్న ధీమాతో నేను పల్చటి చొక్కా, రబ్బరు చెప్పులతో బయల్దేరాను. సగం ఎక్కేసరికి చెప్పు తెగింది. పైకి చేరేసరికి పళ్లు టకటకలాడాయి. అతను సంచిలోంచి స్వెటర్ తీసి తీరిగ్గా తొడుక్కున్నాడు.

"జెర చెప్తే ఏమైతుండె భాయ్?"

"నువ్వడగల్యా గదా."

లోయలోకి తోసేద్దామన్నంత కోపమొచ్చింది. కానీ తలెత్తి చూశాక ఆ కోపం ఎటు పోయిందో తెలియదు. కొండంతా మెట్లు మెట్లుగా మడులు, నిండా కాసిన దానిమ్మ చెట్లు, పక్కనే గలగలా కాలువ. ప్రతి మెట్టుకూ సిమెంటు, సున్నం తగలని ఉత్త రాతిగోడ. రెండేళ్ల తర్వాత సొంతవాళ్లు కనిపించినట్టు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ చెట్ల ముసలి రైతు పండగ పూట వచ్చారని మాకు ఖర్జూరాలు, కాఫీ పెట్టాడు, కంబళ్లిచ్చి తన ఇంట్లోనే పడుకోమన్నాడు.

తెల్లవారింది. డ్రైవరు భాయ్ ఇంకా ముసుగు తన్ని పడుకున్నాడు. నేను ఊరికే ఉండలేక మడుల వైపు వెళ్లాను. ఒక గోడ అడుగున జానెడు బొక్క కనిపించింది. మా దగ్గర అలాంటి సందు వదిలితే పెద్దమేస్త్రీ చేతిలో వీపు విమానం మోత మోగేది. అన్నం పెట్టినాయనకు ఇదైనా చేద్దామని రాళ్లు ఏరి, సందుల్లో చిన్న ముక్కలు దూర్చి, చీమ కూడా దూరకుండా బిగించాను. నా పని నేనే చూసుకుని మురిసిపోయాను.

కాసేపటికి కాలువ నీళ్లు మళ్లించారు. పైమడి నిండి గట్టు పొర్లుతోంది. కింది మడిలో దానిమ్మలకు చుక్క లేదు. ముసలాయన కేకలేస్తూ పరుగెత్తుకొచ్చాడు. అరబ్బీ తెలిసిన భాయ్ కళ్లు నులుముకుంటూ వెనకే వచ్చాడు.

"ఏం జేస్తివన్నా? అది బొక్క గాదు, తూము. ఈ పొద్దు నీళ్లు ఈయన వంతంట. వంతు దాటితే పక్కాయనకు పోతాయంట, మళ్లా ఎన్నో దినాలకు గాని రావంట."

సిగ్గుతో చచ్చిపోయాను. చెరువు కింద పుట్టి పెరిగినవాణ్ణి, తూము గుర్తుపట్టకపోవడమేమిటి? మోకాళ్ల దాకా చన్నీళ్లలో దిగి పీకడం మొదలుపెట్టాను. నేను బిగించిన రాళ్లు నాకే లొంగలేదు. గోళ్లు చిట్లాయి. చివరి రాయి ఊడగానే నీళ్లు కిందికి దూకాయి. చెట్ల మొదళ్లన్నీ తడిసేదాకా ముగ్గురం గట్టు మీదే నిలబడి చూశాం.

నీళ్ల వంతు అయిపోయాక, నేను పీకినప్పుడు కదిలిన గోడను మళ్లీ కట్టాను. ఈసారి తూము పైన అడ్డంగా ఒక పొడుగు రాయి పెట్టి కట్టాను. ముసలాయన దాన్ని కాలితో గట్టిగా తన్ని చూశాడు. కదల్లేదు. ఏదో అన్నాడు.

"మళ్ల తిడుతుండా?"

"లేదన్నా. ఉస్తాద్ అంటాండాడు నిన్ను. పెద్దమేస్త్రీ అని."

రెండేళ్లలో నన్ను ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే. దిగేటప్పుడు దారి పొడుగునా ఆ మాటే నెమరేసుకున్నాను.

సెలవులు అయిపోయి డ్యూటీలో చేరిన రోజే, రాతిపని ఎవరికొచ్చని ఫోర్‌మన్ అడిగాడు.

"పత్థర్ కా కామ్ కిస్‌కో ఆతా హై?"

చెయ్యెత్తాను. హెల్పర్ చెయ్యెత్తాడని పక్కవాళ్లు నవ్వారు. ఫోర్‌మన్ నవ్వలేదు. చెయ్యెత్తిన మా నలుగురికీ తలా ఒక ముక్క గోడ అప్పజెప్పి, సాయంత్రం చూస్తానన్నాడు. సాయంత్రం మిగతా ముగ్గురి గోడలూ ఎక్కడా సందు లేకుండా నున్నగా ఉన్నాయి. నా గోడ అడుగున మూడు బొక్కలున్నాయి.

"యే క్యా హై?"

"పానీ కా రాస్తా, సాబ్. కొండ మీద వాన పడితే నీళ్లు దిగాలె. లేకుంటే గోడ కూలుతది," అన్నాను, వచ్చిన హిందీ, రాని హిందీ కలిపి.

ఆయన వంగి ఒక బొక్కలో చెయ్యి పెట్టి చూశాడు. ఎవరు నేర్పారని అడిగాడు. ముసలాయన తిట్లు నేర్పాయని హిందీలో ఎలా చెప్పాలో తెలియక, దూరంగా కొండలు ఉన్న దిక్కు చూపించాను. ఆయన అటు చూశాడు, నన్ను చూశాడు. జేబులోంచి పెన్ను తీసి నా కాగితం మీద హెల్పర్ అన్న మాట కొట్టేశాడు.