ఓడిపోయిన బోర్డుతో చేసిన విమానం

ఆ ఆదివారం ఇరినేయో గాయ్‌తాన్ రిమోట్‌తో ఎగరేసే బొమ్మ విమానం మా క్లబ్బు భోజనాల బల్ల మీది ఆలుగడ్డ సలాడ్‌లో దిగింది. దిగడంలో ఏ లోపమూ లేదు. ముక్కు కాస్త పైకెత్తి, రెండు చక్రాలూ ఒక్కసారే మయొనైజ్‌ను తాకేలా నిదానంగా దిగి, ఒక ఆలివ్ కాయ అడ్డం రావడంతో ఆగింది. గిన్నె పగల్లేదు. సలాడ్ చేసినదాన్ని నేనే కాబట్టి విమానాన్ని తీసి పక్కన పెట్టి, చక్రాల గుర్తుల్ని గరిటెతో చదును చేసి, వడ్డించేశాను. అక్కడక్కడా ఎర్రరంగు అంటింది. అడిగినవాళ్ళకు బీట్‌రూట్ అని చెప్పాను.

గాలిలో ఒకదాని మీదికొకటి వెళ్ళే పోరు విమానానికి అసలు చక్రాలతో పనిలేదు. చేత్తో విసిరితే లేస్తుంది, గడ్డిలో పొట్ట మీద దిగుతుంది. కానీ ఇరినేయో విమానానికి చక్రాలుండేవి, ఆ చక్రాల మీద చిన్న చిన్న పూలు కూడా ఉండేవి. అతను బోర్డులు రాసేవాడు. అర్జెంటీనాలోని ఎంత్రె రీయోస్‌లో మా ఊరి రొట్టెల కొట్టు మీద, మందుల షాపు మీద, బస్సుల వెనకాల అల్లుకున్న తీగలన్నీ అతని కుంచెలోంచి వచ్చినవే. తరవాత అచ్చు వేసిన ప్లాస్టిక్ బోర్డులొచ్చాయి. కుంచెకు పని తగ్గింది. మిగిలిన ఓపికంతా విమానాల మీదికి మళ్ళింది. తేలికపాటి చెక్క, దాని మీద పలచటి కాగితం, దాని మీద నీడలు తీర్చిన తీగలు. ఒక్కో విమానానికి నెలలు పట్టేది.

తేరోలు అని పేరు పెట్టుకున్న మా క్లబ్బులో నా పని రిబ్బన్లు చూడటం. ప్రతి విమానం తోకకూ పొడుగాటి కాగితం రిబ్బను కడతాం. ఎదుటివాడి రిబ్బను నీ పంకాతో కోస్తే మార్కులు. నీ రిబ్బను మిగిలితే మార్కులు. ఎవరి జోలికీ పోకుండా మూల మూలన తిరిగితే ఉన్నవి కూడా పోతాయి. ఇరినేయోకి ఎప్పుడూ పోయేవే. ఎదురుగా ఇంకో విమానం కనిపించగానే రిమోట్ మీద అతని బొటనవేలు దానంతటదే పక్కకు జరిగేది. నెలల తరబడి తీర్చిన తీగల్ని ఎవడి పంకాకో ఎలా అప్పజెబుతాడు?

దీనివల్ల అతనికి దక్కనిది మార్కులొక్కటే కాదు. మా క్లబ్బులో ఒక ఆచారముంది. గాలిలో రెండు విమానాలు ఢీకొంటే, వాటిని ఎగరేసిన ఇద్దరూ జిగురు బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరి రెక్కను ఇంకొకరు జిగురు ఆరేదాకా పట్టుకోవాలి. మాతే అనే ఆకు కషాయాన్ని ఒకే బుర్రలోంచి వంతులవారీగా తాగాలి. ఊళ్ళో సగం తగువులు అక్కడే తీరాయి, ఒకటి రెండు సంబంధాలు కూడా అక్కడే కుదిరాయి. ఇరినేయో ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆ బల్ల దగ్గర కూర్చోలేదు. పొయ్యి దగ్గర నిలబడి మాంసం తిప్పుతూ అటే చూసేవాడు. చూస్తూ చూస్తూ చాలాసార్లు మాడ్చేవాడు కూడా.

సలాడ్ సంగతి ఎలాగో బయటపడ్డాక మా జట్టు నాయకురాలు గ్రిసెల్దా అతన్ని పక్కకు పిలిచింది. ఆమెకు కోళ్ళఫారం ఉంది.

“ఏవయ్యా ఇరినేయో, లా కూవా క్లబ్బు వాళ్ళతో ముగ్గురేసి జట్ల పోటీ దగ్గరకొచ్చేసింది. మూడోవాడివి నువ్వే. ఈ పెళ్ళికూతుర్ని మాత్రం తేకు.”

“దానికేమైందక్కా?”

“ఏమీ కావట్లేదు, అదేగా నా ఏడుపు. నా ఫారంలో ఏ కోడికీ పేరు పెట్టను, ఎందుకో తెల్సా? పెడితే కొయ్యలేను. నువ్వు తీగలు పెడుతున్నావ్. విను, ముక్కు మొద్దుగా ఉండాలి, చూడగానే పిల్లలు నవ్వాలి, పొద్దున విరిగితే మధ్యాన్నానికి లేవాలి. అట్లాంటిది ఎంచుకో. ఆ రోజు కూడా తప్పించుకు తిరిగావో, నీ చోటు, జట్టులోకి రావాలని ఎదురుచూస్తున్న ఎవారిస్తోకి ఇచ్చేస్తా. నీకు పొయ్యే ఖాయం.”

ఇరినేయో తన విమానాన్ని చంకలో పెట్టుకుని ఇంటికెళ్ళాడు.

అప్పుడే మేయరు ఎన్నికలు అయిపోయాయి. ఓడిపోయిన దోన్ ఫాబ్రీసియో లెస్కానో ఫొటో ఉన్న ప్లాస్టిక్ బోర్డులు ప్రతి స్తంభానికీ నవ్వుతూ వేలాడుతున్నాయి. గెలిచినాయన బోర్డులు జ్ఞాపకానికి పట్టుకుపోయారు, ఈయనవి ముట్టుకున్నవాళ్ళు లేరు. తీసుకోవచ్చా అని ఇరినేయో వెళ్ళి అడిగితే, “నా కళ్ళ ముందునుంచి పోతే చాలు, పట్టుకుపో,” అన్నాడాయన. ఎందుకని అడగలేదు.

ఆ ప్లాస్టిక్ అట్టకు లోపల సన్నటి గాడులుంటాయి. గాడి వెంట పైపొర మాత్రం కోసి మడిస్తే రెక్క ముందంచు తయారు. లోపల ఒక అల్యూమినియం కడ్డీ. ఒంటికి వాన నీటి గొట్టం ముక్క. మోటారు, బ్యాటరీ పెట్టి, రెక్కల కింద రెండు వేళ్ళుంచి లేపితే ముక్కు కొంచెం వంగాలి, అప్పుడు బరువు కుదిరినట్టు, అంతే. మూడు విమానాలు ఒకే అచ్చున చేశాడు. అన్నిటి ఎడమ రెక్క మీదా దోన్ ఫాబ్రీసియో పళ్ళే.

కానీ చేయి ఊరుకోదు కదా. పళ్ళ మీద ఒక తీగ వేశాడు. మర్నాటికి అది పెచ్చులుగా లేచింది. ఆ ప్లాస్టిక్‌కు రంగు అంటదు. ఉప్పుకాగితంతో రుద్ది మళ్ళీ వేశాడు. మళ్ళీ లేచింది.

“చూడు నీల్దా, ఈ పళ్ళకి నీడే లేదు. ఏ పన్ను ఎక్కడ మొదలౌతుందో తెలీదు,” అన్నాడు భార్యతో.

“అందుకే ఓడిపోయుంటాడు. భోజనానికి రా,” అంది నీల్దా.

పోటీ రోజు విమానాన్ని చూసి పిల్లలు నవ్వారు. గ్రిసెల్దా ముఖం వెలిగింది. తనే చేత్తో విసిరింది.

మొదట ఇరినేయో పాత అలవాటు ప్రకారమే పక్కకు తప్పుకున్నాడు. మార్కు తగ్గించడానికి నేను కాగితం మీద గీత పెట్టబోయాను. ఇంతలో లా కూవా బస్సు డ్రైవరు ఉలీసెస్ విమానం నేరుగా మీదికొచ్చింది. ఇరినేయో బొటనవేలు కదలడం చూశాను, ఆగడమూ చూశాను. ‘పైన ఆ పళ్ళు చూస్తే, పోతే పోనీ అనిపించింది’ అని తరవాత నాకు చెప్పాడు. ఉలీసెస్ రిబ్బను రెండుగా తెగింది, ఆ వెంటనే విమానాలు రెండూ తగులుకుని ముళ్ళపొదల్లో పడ్డాయి. రిబ్బను తెగిందని నేను జెండా ఎత్తాను. ఎందుకో చేయి వెంటనే దించలేకపోయాను.

జిగురు బల్ల దగ్గర ఇరినేయో కుర్చీ చివరన కూర్చున్నాడు, ఎవరైనా లేపుతారేమోనన్నట్టు.

“గట్టిగా పట్టుకోవయ్యా, పువ్వుని పట్టుకున్నట్టు పట్టుకున్నావేంటి?” అన్నాడు ఉలీసెస్.

“మొదటిసారి.”

“ఢీకొట్టడమా?”

“ఇక్కడ కూర్చోవడం.”

వంతు తనదే అయినా ఉలీసెస్ మాతే బుర్రను ఇతని వైపు జరిపాడు.

సాయంత్రానికి ఆ విమానం ఇంకో రెండుసార్లు కూలింది. ప్రతిసారీ అంటించుకుని లేచింది. తెచ్చిన మిగతా రెండూ పెట్టె దాటలేదు. పోటీ మేం కొద్దిలో పోగొట్టుకున్నాం. “వచ్చేసారీ మూడోవాడివి నువ్వే. పొయ్యి ఎవారిస్తో చూస్తాడు,” అని గ్రిసెల్దా అందరూ వినేలా చెప్పింది. ఆ రోజు మాంసం కూడా మాడలేదు.

అందరూ తింటుంటే దోన్ ఫాబ్రీసియో కారు వచ్చి ఆగింది. కబురు ఎవరు చేరవేశారో తెలియదు. ఆయన తిన్నగా బల్ల దగ్గరికొచ్చి, అతుకులతో ఉన్న తన పళ్ళను చాలాసేపు చూశాడు.

“ఏమయ్యా ఇరినేయో, ఊరంతా చూస్తుండగా నా మొహాన్ని పొద్దుట్నించి మట్టి కరిపిస్తున్నావట. నీకిది న్యాయంగా ఉందా?”

ఇరినేయో లేచి నిలబడి, చేతికంటిన జిగురు తుడుచుకున్నాడు.

“పడ్డ ప్రతిసారీ అంటించి మళ్ళీ పైకి పంపాను కదా దోన్ ఫాబ్రీసియో, మీ పార్టీ వాళ్ళెవరన్నా ఆ పని చేశారా?”