స్కౌట్ ఎడమ చెయ్యి

తొంభై తొమ్మిదిలో సిడ్నీలో దిగిన మనవాళ్లంతా కంప్యూటర్లను వైటూకే గండం గట్టెక్కించడానికి వచ్చినవాళ్లే. పదో తరగతి గట్టెక్కలేక బడి మానేసిన నన్ను మాత్రం ఆస్ట్రేలియా సైన్యం చేర్చుకుంది. దేశానికి ఉత్తరపు కొసన, డార్విన్ అవతల చిత్తడి అడవికి పంపింది. దిగేసరికి వాన. వీపున సంచీ, చేతిలో రైఫిలు, బూట్ల నిండా నీళ్లు. మొదటి వారంలోనే గుడారాల్లో ఫ్లూ.

అందరికంటే గట్టిగా జ్వరపడ్డవాడు మా స్కౌట్. గస్తీలో ముందు నడిచేది అతనే. అడవిలో మాటలుండవు. స్కౌట్ అరచెయ్యి ఎత్తితే వెనకవాళ్లం నేలకి కరుచుకోవాలి. ఎందుకని అడగకూడదు.

జ్వరం తగ్గాక అతనికది మొదటి గస్తీ. పొద్దున ఆరున్నర. అతని ఎడమ చెయ్యి లేచింది. బురదలో పడ్డాం. లేచి నాలుగడుగులు వేశామో లేదో, మళ్లీ లేచింది. మళ్లీ బురద.

రేడియోలో గుసగుసగా, నా ముందున్న మా జట్టు పెద్ద, కార్పొరల్: "ఏం కనబడింది?"

"ఏం లేదు. నేను ఎత్తలేదు."

"మరెవరు ఎత్తారు, మీ తాతా?"

జట్టులో వేళాకోళాలన్నీ నావే గనక కార్పొరల్ నా వైపు తిరిగాడు. "ఇది నీ ప్లానేనా?"

"నాకంత బుర్రుంటే కంప్యూటర్ల ముందు కూర్చునేవాణ్ణి, కార్పొరల్."

నాటకమని తేలితే స్కౌట్ పని పీకి ఇంటికి పంపేస్తానన్నాడు. ఆ పని తప్ప వేరే ఏదీ కోరుకోని మనిషి మా స్కౌట్.

మెడిక్ గుడారంలోకి నేనూ దూరాను, చూద్దామని. ఆ చెయ్యి ఊరికే ఉండటంలేదు. వేళ్లు ఆడుతున్నాయి, భుజం ఎగురుతోంది. ఒకసారి చేసింది మళ్లీ చేయదు. ఎవర్నయినా అనుకరించే నేను దాన్ని అనుకరించబోయాను. నిమిషంలో నా చెయ్యి తాళంలో పడిపోయింది. అతని చేతికి తాళమే లేదు.

"నీ వేళ్లు ఇచ్చి గట్టిగా పట్టుకోమను," అన్నాడు మెడిక్ నాతో.

పట్టుకున్నాడు. పట్టు బిగుస్తోంది, వదులవుతోంది, గేదె పాలు పిండుతున్నట్టు. స్కౌట్ తన చేతిని పరాయివాడి చేతిలా చూస్తున్నాడు.

"నాటకం కాదు. ఎప్పుడో ఒకరికి ఫ్లూ మెదడు దాకా పోయి కదలికల్ని పాడుచేస్తుంది. ఆసుపత్రికి పంపుదాం."

"తగ్గుతుందా?" అన్నాడు స్కౌట్.

"తగ్గొచ్చు. మాటివ్వలేను, మేట్."

హెలికాప్టర్ దాకా అతని సంచీ కార్పొరలే మోశాడు.

డ్యూటీ ముగించుకుని సిడ్నీ వచ్చేశాను. ఎన్ని మరిచినా నా వేళ్లని పిండిన ఆ పట్టు మాత్రం పోలేదు. ఒక మధ్యాహ్నం స్కౌట్ నన్ను వెతుక్కుంటూ మా పేట పెండిల్ హిల్ వచ్చాడు. టిఫిన్ హోటల్లో కూర్చున్నాం. ఎలా అడగాలో తెలీక దోసె గురించి వాగుతున్నాను. అతని ఎడమ అరచెయ్యి లేచింది.

నేను బల్ల కింద ఉన్నాను.

"ఏం పడిపోయింది బాబూ?" అంది హోటలు ఆంటీ.

స్కౌట్ వంగి చూశాడు.

"లే, మేట్. కాఫీ కోసం. ఈసారి ఎత్తింది నేనే."