మావయ్య లద్దె బెండకాయలు

మంగళవారం పొద్దున్న ఆస్టినాబాద్ నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మావయ్య లేవలేదమ్మా" అంది. నిద్రలోనే పోయాడట. మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడాయన.

మీలో చాలామందికి మావయ్య తెలియదు. ముప్పై ఏళ్లు డింగీ పడవ మీద చేపలవేటకు వెళ్లి, మోకాళ్లు మొరాయించాక ఇంటిపట్టున ఉండిపోయిన మనిషి. ఊరికే కూర్చోవడం చేతకాదు. ఇంటి వెనక ఎర్రమట్టిలో బెండ, బీర వేశాడు. మా దీవుల వానలకు మట్టిలో సారమంతా కొట్టుకుపోతుంది. మొక్కలు జానెడు లేచి ఊరుకున్నాయి. అప్పుడు ఆయన కన్ను పక్కసందులో పెళ్లి బరాత్‌లకు గుర్రాలు పెంచే భయ్యా పాక మీద పడింది.

అక్కడి లద్దె గోనెల్లో మోసుకొచ్చి, ఎండు కొబ్బరాకులు కలిపి కుప్పపోసి, టార్పాలిన్ కప్పేవాడు. వారానికోసారి పారతో తిరగేస్తుంటే ఆవిరి లేచేది. "పచ్చిది ఏసేసినావంటే మొక్క మాడిపోతాది. సల్లారనియ్యాల" అనేవాడు నాతో. "గుర్రం సగమే అరిగించుకుంతాదే గుంటా, మిగతా సగం మనకి ఒగ్గేస్తాది."

ఆ ఏడు బెండ నా ఎత్తు పెరిగింది. ప్రతి ఆదివారం సంచీ నిండా కోసుకుని డెలానీపూర్‌లో మా ఇంటికి తెచ్చేవాడు. ఏం వేశావురా అని అమ్మ అడిగితే "ఖాద్ అప్పా, ఖాద్" అని హిందీలో దాటేసేవాడు. ఏదో ఆఫీసులో ఇచ్చే ఎరువు బస్తా అనుకుని అమ్మ లొట్టలేసుకుంటూ తినేది. ఒకరోజు నేనే, నోరు ఊరుకోక, "అంతా గుర్రం లద్దె మహిమ అమ్మా" అనేశాను.

అంతే! అమ్మ ఎదురుగా ఉన్న మావయ్య మీద విరుచుకుపడింది. "ఏటిరా, గుర్రం లద్దెలో కాసిన బెండకాయలా నాకెట్టినావు ఇన్నాళ్లూ? ఆవు పేడయితే కళ్లాపి సల్లుకుంతాం. లద్దెతో ఎవులైనా వాకిలి అలుకుతారేటి?"

"వాకిలికి కాదప్పా, బెండకి ఏసినాను" అన్నాడు పాపం.

అమ్మ మళ్లీ ఆ కూర ముట్టలేదు. ఆయన తేవడమూ మానలేదు. సంచీ తిన్నగా పక్కింటి దీదీకి పోయేది. నా నోటిదూల వల్ల ఇంత జరిగినా మావయ్య నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ మంచితనానికి ఇవాళ్టికీ దణ్ణం పెడతాను. గేటు దాకా వెళ్లాక మాత్రం గొంతు తగ్గించి, "పోయినోరం తెచ్చినవి అప్ప తిందా?" అని అడిగేవాడు.

"తింది మావయ్యా. నీకు చెప్పొద్దంది" అనేదాన్ని.

ముఖం చేటంత చేసుకుని బస్సెక్కేవాడు. మూడేళ్లు అలా అబద్ధమాడాను. సిగ్గేమీ లేదు నాకు.

దినం నాడు మావయ్య ఇంట్లో అత్త అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆదివారం ఇంటికొచ్చి సెప్పీవోరు వదినా. అప్ప తిందంట, నాకు సెప్పొద్దన్నాదంట అని నవ్వుకునీవోరు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తినీవోరు."

అమ్మ నా వైపు చూసింది. అందరి ముందూ తిడుతుందనుకున్నాను. లేచి పెరట్లోకి నడిచింది. నేనూ వెనకే వెళ్లాను. మావయ్య ఎరువు పోసిన మడిలో చతికిలబడి, లేత బెండకాయ ఒకటి తుంచింది. కడగలేదు. కొంగుతోనైనా తుడవలేదు. కొరికి, ఏడుస్తూ, తొడిమ దాకా నమిలింది. తర్వాత ఇంకొకటి తుంచింది.