బావ నేర్పిన ఊపిరి

ఆ రోజుల్లో మా వాడలో కుర్రాళ్లకు ఇంటర్వ్యూ కంటే ‘మెడికల్’ అంటేనే వణుకు. సారపాక పేపరు మిల్లులో నాకు పని దాదాపు ఖాయమైంది, ఆ ఒక్క పరీక్షే మిగిలింది. అందులో తప్పితే పని పోయినట్టే. మా అక్కేమో అప్పటికే ఊరంతా చెప్పేసింది. అందుకని ఇల్లందు బొగ్గుబావిలో పనిచేసే మా బావ దగ్గరికి పరుగెత్తాను. (మెడికల్‌కు ఎవరు వెళ్లినా బావ చేత పాఠం చెప్పించుకోవలసిందే. ఆయన మూడు చోట్ల తప్పి నాలుగో చోట పాసయ్యాడు. అదే ఆయన అర్హత.) “ఈసీజీ తీసేటప్పుడు దమ్ము గట్టిగ పీల్చు, మెల్లగ ఇడువు. గుండె నిమ్మలంగ కొట్టుకుంటది” అన్నాడు. మూడు రోజులు కొలిమి తిత్తిలా సాధన చేశాను. భద్రాచలం బస్సులో పక్కనున్న పెద్దమ్మ “ఆయాసమా బిడ్డా?” అని జాలిపడి కిటికీ సీటు ఇచ్చింది.

దవాఖానాలో ఛాతీకి వైర్లు తగిలించగానే బావ పాఠం అందుకున్నాను. కాగితం చూసి కొత్త టెక్నీషియన్ ముఖం చిట్లించాడు. “ఏంది తమ్మీ, నీ గుండె ఒకపాలి ఉరుకుతుంది, ఒకపాలి ఆగాగి కొట్టుకుంటుంది?” నా పై ప్రాణాలు పైనే పోయాయి. చస్తానని కాదు, అక్కకు ముఖం ఎలా చూపించాలని! ఆ భయంలో ఇంకా గట్టిగా పీల్చాను. కాగితం మీది గీత ఇంకా గందరగోళమైంది.

అప్పుడొచ్చాడు అతని సీనియర్, అందరూ చాచా అని పిలిచే పెద్దాయన. ఆయన కాగితం వంక చూడనే లేదు, నా పొట్ట వంక చూశాడు. పొట్ట పొంగితే, గుండెతో పాటు టిక్కుమనే మిషన్ చప్పుడు జోరందుకుంటోంది, తగ్గితే నెమ్మదిస్తోంది. “జర ఊపిరి ఆపు బేటా” అన్నాడు. ఆపాను. చప్పుడు సమంగా నడిచింది. “చూసినవా? గాలి లోపలికి పోతే గుండె ఉరుకుతది, బయటికొస్తే నిమ్మళిస్తది. పడుచు గుండెకు గిది మామూలే. గిట్ల ఊదమని ఎవరు చెప్పిండ్రు?”

“మా బావ.”

“మంచోడే. ఇంకోపాలి ఆయన మాట వినకు.”

మామూలుగా ఊపిరి తీసుకోమని ఇంకో కాగితం తీసి, రెండూ పక్కపక్కన పెట్టి డాక్టరుకు చూపించాడు. డాక్టరు నవ్వి ‘ఫిట్’ అని సంతకం చేశాడు. తర్వాత ఎందరో చదువుకున్నవాళ్లను చూశాను కానీ, కాగితం కంటే ముందు మనిషిని చూసే అలాంటి కన్ను మళ్లీ నాకు తారసపడలేదు.

మొన్న మిల్లులో ఏడాదికోసారి చేసే పరీక్షకు పడుకున్నప్పుడు దొంగచాటుగా గట్టిగా ఊపిరి పీల్చి చూశాను. గీత పెద్దగా కదల్లేదు. వయసు పైబడితే గుండె ఊపిరి మాట అంతగా వినదట. “మీ లైన్ ఎంత నీట్‌గ ఉంది సార్!” అని టెక్నీషియన్ అమ్మాయి మెచ్చుకుంది. థాంక్స్ చెప్పి చొక్కా గుండీలు పెట్టుకున్నాను గానీ, నాకు ఆ గందరగోళపు గీతే కావాలనిపించింది.