మొక్క నాది, క్రిములూ నావే

నా పేరు గంగులమ్మ, వయసు డెబ్బై దాటింది. పుంగనూరు పక్క పల్లెలో కొడుకు, కోడలు, మనవరాలు శిరీషతో ఉంటాను. నేను చెబుతుంటే శిరీషే ఇది ఫోన్‌లో రాస్తోంది.

నేను పెంచిన డ్రాగన్ ఫ్రూట్ మొక్క కాడలు కోసుకుపోయి, ఆ రసానికి క్రిములు చస్తాయేమోనని తను చదివే మదనపల్లె కాలేజీలో శిరీష పరీక్ష చేసింది. రసం వేసినచోట క్రిములు పెరగలేదట. ఈ రోజు ఆ పరీక్ష వివరాలు రాసిన చార్టు ఇంటికి తెచ్చింది.

"క్రిములు యాడివే?" అన్నాను.

"నీ వక్కాకు తిత్తిలోవే అవ్వా. నువ్వు నిద్రపోతాంటే దూదితో తుడుసుకోని పోయినా." నేను వక్కలు, తమలపాకులు పెట్టుకునే గుడ్డసంచి అది.

"మొక్కా నాదే, క్రిములూ నావే. చార్టు మీద నీ పేరొక్కటే యాల ఉండాది?"

"నువ్వేం చేసినావవ్వా?"

"తిత్తి ఉతక్కుండా పెట్టినా గదమ్మే! ఉతికింటే నీ పరీక్ష యాడుండేది?"

న్యాయం ఎవరిదో మీరే చెప్పండి. మీరు చెప్పేలోపు, చార్టు మీద దాని పేరుకు పైన వక్కాకు ఎరుపుతో నా వేలిముద్ర వేసేశాను.

సాక్షులు: కోడలు రమణమ్మ, ముద్దాయి శిరీష.