జతగా చూడని పేర్లు

మా ఇంట్లో పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం ఆనవాయితీ. పెదనాన్న పెట్టాడు, చిన్నాన్నా పెట్టాడు. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, మేం వలసొచ్చిన ఉక్కు కార్ఖానా ఊళ్ళో, బారిడీహ్‌లో పక్కపక్క వీధులు. తండ్రి పేరు చెబితే తప్ప ఏ అన్న ఎవరో, ఏ తమ్ముడు ఎవరో తెలియదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఈ సంగతి తెలిసిన నేనే మర్చిపోయాను.

కార్ఖానాకు పనివాళ్ళను పంపే కాంట్రాక్టరు దగ్గర డేటాబేసు నా చేతిలో ఉండేది. క్రేను నడిపేవాళ్ళకు వైద్యపరీక్ష జరిగి, తప్పినవాళ్ళ జాబితా వచ్చింది. అందులో పేరు, తండ్రి పేరు, అంతే. మావాళ్ళు ఇద్దరున్నారు. పెదనాన్న కొడుక్కి చూపు ఆనలేదు, చిన్నాన్న రెండో కొడుక్కి చెవి వినబడలేదు.

జాబితాలో ఉన్నవాళ్ళ గేటుపాసులు ఆపమన్నారు. నేను జాబితాలో వెతికే రెండు సబ్‌క్వెరీలు రాశాను. మనిషి పేరు జాబితాలో ఉందా అని ఒకటి, తండ్రి పేరు ఉందా అని మరొకటి. రెండూ ఉంటే పాసు బంద్, ఒకే వరసలో లేకపోయినా. చిన్నాన్న పెద్దకొడుకు పేరు పెదనాన్న కొడుకు వల్ల దొరికింది, తండ్రి పేరు సొంత తమ్ముడి వల్ల దొరికింది. కళ్ళూ చెవులూ నిక్షేపంలా ఉన్నవాడు పరీక్ష తప్పినవాడయ్యాడు.

పొద్దున్నే గేటు దగ్గర నుంచి ఫోన్ చేశాడు. "కార్డు బందంటన్నారక్కా. నాకేటైంది?"

"సిస్టమ్ తప్పు సెప్పదురా. మళ్ళీ సూపించుకో," అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

వారానికి తప్పు దొరికింది. పేరునూ తండ్రి పేరునూ ఒకే బ్రాకెట్లో జతగా పెట్టి, ఒకే సబ్‌క్వెరీ జాబితా నుంచి తెచ్చే జతలతో పోల్చాలి. దిద్దడానికి రెండు నిమిషాలు. మేనేజరుకు చూపిస్తే, "ఛోడో, దూస్రా ఆద్మీ లగ్ గయా," అని, ఇక వదిలెయ్యమని టీ తాగాడు. మావాడి క్రేను మీద అప్పటికే ఇంకొకడు కూర్చున్నాడు. నా కుర్చీ మాత్రం కదల్లేదు.

వాడిప్పుడు జుగ్సలాయి గోదాముల్లో బస్తాలు మోస్తున్నాడు. మొన్న కొడుకు పుట్టాడు. పేరు పెట్టే రోజు పళ్ళెంలో బియ్యం మీద, మా వంశంలో ఎవరికీ లేని పేరు రాశాడు.

"తాత పేరు మానేసినావేటిరా?" అంది పిన్ని.

"అక్కకి ఈజీగా ఉంటాదని," అన్నాడు, నా వైపు చూడకుండా.

చిన్నాన్న పళ్ళెంలోని పేరు మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు. పిల్లాడికి రావలసిన పేరు ఆయనదే.